దాలమ్మకు కూర్మమ్మ ఏమవుతుంది?

తాడు కోతకు పన్నెండు రోజులు

నా పేరు మైలపల్లి దాలమ్మ. వయసు డెబ్బై రెండు. నాకు అక్షరం ముక్క రాదు. నేను మాట్లాడుతుంటే ఈ పలక రాసుకుంటుంది. నా మాటల్ని పుస్తకాల భాషలోకి దిద్దుతుందట, దిద్దుకోనీ. ఎవరు ఎవరితో ఏమన్నారో అది మాత్రం అన్నది అన్నట్టే ఉంచమని గట్టిగా చెప్పాను. ఇది నా ఫిర్యాదు. సభవాళ్ళు వింటే విన్నారు, లేదంటే తరవాత పుట్టేవాళ్ళు వింటారు.

పొద్దున నాచు ఆరబెడుతుండగా మైకులో జాబితా చదివారు. మేమంతా కాపురముండే ఈ తెప్పను రెండు ముక్కలు చేస్తున్నారు. రాబోయే తుఫాన్లకు ఇంత పెద్ద తెప్ప నిలవదట. నడిమి తాళ్ళు కోసి, తూరుపు సగాన్ని ఉత్తరపు నీళ్ళకూ, పడమటి సగాన్ని దక్షిణపు నీళ్ళకూ వదులుతారు. వదిలాక మళ్ళీ కలిసేది లేదు. ఒక ఇంటివాళ్ళను మాత్రం విడదీయకూడదని సభ తీర్మానం. ఎవరు ఎవరికి ఇంటివాళ్ళో చెప్పేది వరుసల పెట్టె అనే యంత్రం.

నన్ను మా అన్న కొడుకు సూరన్నతో తూరుపు తెప్పకు వేశారు. కూర్మమ్మను పడమటి తెప్పకు వేశారు, ఒంటి మనుషుల కొట్టానికి.

కూర్మమ్మ నా సవతి. నలభై ఏళ్ళుగా ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం, ఆ పొయ్యి దగ్గరే తిట్టుకుంటున్నాం. దానికి రెండు కళ్ళలోనూ తెల్లపూత దిగింది. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. మా వైపు చెక్కలన్నీ దాని కాళ్ళకు తెలుసు, ఎక్కడ సందు ఉందో ఎక్కడ తాడు అడ్డుందో. పడమటి కొట్టం అంచుకు కమ్మీ కూడా లేదు. అక్కడ ఒక్క అడుగు తప్పితే సముద్రమే. పోయిందని చెప్పేవాళ్ళు కూడా ఉండరు.

నాచు అలాగే వదిలేసి పెట్టె గదికి వెళ్ళాను. అక్కడ కూర్చునే పిల్ల పేరు మణిమాల. పెట్టెను ప్రశ్నలడగడం దాని ఉద్యోగం. మంచి పిల్లే, మాట నెమ్మది. ఆ నెమ్మదే నాకు ఒళ్ళు మండిస్తుంది.

"అడిగాను మామ్మా. దాలమ్మకి కూర్మమ్మ ఏమవుద్దని. ఏమీ కాదంటంది."

"నలభయ్యేళ్ళు నా చేతి కూడు తిన్నది ఏటీ కాదా? ఎవులు సెప్పినారు దానికి?"

"ఎవులూ చెప్పలేదు. అందుకే కాదంటంది."

"ఎవులూ సెప్పకపోతే తెలీదనాల గానీ కాదంతాదేటి?"

"తెలీదన్న మాట పెట్టెకి రాదు మామ్మా. తనకి చెప్పిన మాటల్లోంచి రుజువు దొరికితే అవునంటది. దొరక్కపోతే కాదంటది."

"అయితే దానికంటే నా కోడిపెట్ట నయం. తెలీకపోతే నోరు మూసుకుంతాది."

వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

తాడు కోతకు పదకొండు రోజులు

తెప్ప కింది పీపాలకు గుల్లలు పట్టాయి. వంతు మాది. దాని నడుముకు కట్టిన తాడు నేను పైన పట్టుకుంటే కూర్మమ్మ కిందికి వంగి తడుముకుంటూ గీకుతుంది. చూపు లేకపోయినా ఒక్క గుల్ల మిగల్చదు. గీకుతూనే నన్ను ఏడిపించింది. అక్కనని నన్ను అప్పా అంటుంది.

"పోనీ అప్పా. పంపితే పంపనీ. అక్కడైతే నీ గురక ఉండదు."

"అక్కడ సముద్రం గురక పెడతాది. అందులోకే పోతావు నువ్వు."

"పోతే నీకేటి? నువ్వే గదా నన్ను తెచ్చిన్నాడు సముద్రంలో దూకుతానన్నావు."

నిజమే, అన్నాను. నాకు పిల్లలు లేరని ఆయన దీన్ని తెచ్చాడు. అప్పుడు నాకు ముప్పై రెండు, దీనికి పద్దెనిమిది. మూడేళ్ళు దీనితో మాట్లాడలేదు. నాలుగో ఏట కూడా దీని కడుపు పండలేదు. ఒకనాడు చేపలు ఎండేస్తూ అది నా వైపు చూసింది, నేను దాని వైపు చూశాను. లోపం ఎవరిదో ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. చేపల మీద ఈగలు ముసురుతున్నా పట్టించుకోకుండా నవ్వాం. ఆ రోజు నుంచే అది నాకు మనిషి. ఆ నవ్వు ఏ పెట్టెలోనూ ఎక్కలేదు.

ఆయన సముద్రం మీదికి పోయి తిరిగి రాక ఇరవై ఏళ్ళు. ఆ తరవాత కూడా మేం విడిపోలేదు. విడిపోవాలన్న ఆలోచన రావడానికి తీరిక దొరకలేదు.

తాడు కోతకు తొమ్మిది రోజులు

మణిమాల దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి అది తలుపు దగ్గరికి వేసి, పెట్టె ఎలా ఆలోచిస్తుందో నాకు చెప్పింది. అక్షరం రాకపోయినా నాకు బాగానే తెలిసింది.

పెట్టెకు చెప్పేవన్నీ చిన్న చిన్న మాటలు. ఫలానామె ఫలానావాడి తల్లి. ఫలానావాడు ఫలానామె మొగుడు. వాటి మీద రూల్సు. తల్లికి తల్లి అమ్మమ్మ, అలా. ప్రశ్న అంటే ఒక మాటలో ఒకచోట ఖాళీ వదలడం. "దాలమ్మ తల్లి ఎవరు" అన్నా, "దాలమ్మ ఎవరికి కూతురు" అన్నా దానికి ఒకటే. ఏ వైపు ఖాళీ వదిలినా, అందులో సరిపోయే మనిషిని వెతికి తెస్తుంది.

"మరి నన్నూ కూర్మినీ కలిపే మనిషి ఒకడున్నాడు గదే. వాడెక్కడ తప్పిపోనాడు?"

మణిమాల పెట్టెను అడిగింది. అడిగి, తల గోక్కుంది.

"మామ్మా, మీ ఆయన ఖాళీ రెండు వందల పన్నెండు. కూర్మమ్మ గారి ఆయన ఖాళీ రెండు వందల పదమూడు."

పన్నెండేళ్ళ కిందట నీళ్ళు మా ఊరిని మింగినప్పుడు, తెప్ప మెట్ల దగ్గర లైనులో నిలబెట్టి పేర్లు చెప్పించుకున్నారు. ఎవరి నోటితో వాళ్ళే చెప్పాలి, పక్కవాళ్ళు అందించకూడదు అన్నారు. మాలో ఆడది మొగుడి పేరు నోటితో అనదు. ఊళ్ళో ఉన్నప్పుడు రేషను దగ్గరైనా ఆసుపత్రిలోనైనా పక్కనున్న ఆడబిడ్డో మరదలో ఆ పేరు అనేది, మేం తలూపేవాళ్ళం. మెట్ల దగ్గర అది కుదరలేదు. నేను నోరు విప్పలేదు, నా వెనక కూర్మమ్మ విప్పలేదు. రాసేవాడు విసిగిపోయి ఖాళీ అని రాసి, ఒక్కొక్క ఖాళీకి ఒక్కొక్క అంకె వేసుకున్నాడు. అంకె వేరైతే మనిషి వేరని పెట్టె లెక్క. ఇలాంటి ఖాళీ మొగుళ్ళు తెప్ప మీద మూడు వందలకు పైగా ఉన్నారట.

"రెండు ఖాళీలూ ఒకడేనే గుంటా!"

"నాకు తెలుసు. పెట్టెకి తెలీదు. పేరు ఒక్కసారి చెప్పు, అదే కలుపుకుంటది."

"సెప్పను. మా మరిది అప్పన్న ఉన్నాడు గదా పెట్టెలో. వాడి అన్నని రాసుకో."

"అప్పన్న గారికి తోడబుట్టినవాళ్ళు నలుగురు మామ్మా."

"అందులో పెద్దోడు."

"పెద్దా చిన్నా పెట్టెలో లేదు. తోడబుట్టినవాళ్ళు అనే ఉంది."

"అన్నకీ తమ్ముడికీ తేడా తెలీనోడు వరుసలు రాసినాడేటి! వాడికి వదినెవులో మరదలెవులో తెలుసునా? పండక్కి ఎవుల కాళ్ళకి దండం పెడతాడో అడుగు!"

"మామ్మా, పోయినాయన ఆయుష్షు ఇంకేం తగ్గుతది? ఒక్కసారి అనీ."

ఆయుష్షు గురించి నేనెప్పుడు చెప్పాను? యాభై ఆరేళ్ళు అనని మాట అది. నోరు అటు తిరగదు. ఇంటికి వచ్చేశాను.

తాడు కోతకు ఏడు రోజులు

నిన్న రోజంతా మంచునీళ్ళు పట్టే పరదాలు దులుపుతూ ఆ పేరును లోపలే అనుకున్నాను. పెదవుల దాకా వస్తుంది, అక్కడ ఆగుతుంది. ఇవాళ కూర్మమ్మ చెయ్యి పట్టుకుని పెట్టె గదికి పోయాను. అక్కడ పాతిక మంది ఉన్నారు. ఉంటే ఉన్నారని, పెట్టె ముందు నిలబడి అరిచాను.

"నా మొగుడి పేరు ఎల్లాజీ! మైలపల్లి ఎల్లాజీ!"

ఒక ముసలామె చెవులు మూసుకుంది. బల్ల పట్టుకున్నాను. ఇప్పుడు కూర్మమ్మ వంతు. దీనికి ఎంత కష్టమో అని దాని వీపు నిమిరాను. అది తాపీగా పెట్టె వైపు తిరిగింది.

"ఎల్లాజీ," అంది. "ఎల్లాజీయే. ఇంకోసారి సెప్పాలా?"

"ఓలె, అలాగ అనీసినావేటే?"

"పదేళ్ళై అంటన్నాను అప్పా. గుల్లలు గీకినప్పుడల్లా ఎల్లాజీ ఎల్లాజీ అని తిట్టుకుంతాను. నువ్వు పైన ఉంతావు గదా, ఇనపడదు."

దాన్ని అక్కడే కొట్టాల్సింది. ముందు పని కానీ అని ఊరుకున్నాను. మణిమాల నవ్వు ఆపుకుంటూ పెట్టెను అడిగింది. రెండు ఖాళీలు పోయి ఒక్క మనిషి వచ్చాడు. నేను ఊపిరి పీల్చుకునేలోపే పెట్టె ఎర్ర దీపం వెలిగించింది.

"ఏటైంది?"

"మామ్మా... ఒక మగవాడికి ఒకేసారి ఒకే భార్య అని రూలు ఉంది. మీ ఇద్దరి మాటల్లో ఒకటి అబద్ధమంటంది. ఏదో ఒకటి వెనక్కి తీసుకునే వరకూ రెండు పెళ్ళిళ్ళూ లెక్కలోకి రావు."

మొన్నటి దాకా ఇద్దరికీ ఖాళీ మొగుళ్ళైనా ఉన్నారు. యాభై ఆరేళ్ళ నోటి కట్టు తెంచుకుని నేను సాధించిందేమిటంటే, ఆ ఖాళీలు కూడా పోయాయి.

తాడు కోతకు ఆరు రోజులు

రూల్సు రాసిన భద్రం గారి దగ్గరికి వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి, కుర్చీ చూపించాడు.

"కూర్చోండి దాలమ్మ గారూ."

"కూకోడానికి రాలేదు బాబూ. నా పెళ్ళెక్కడ పెట్టినావో అడగడానికొచ్చినాను."

ఆయన ఓపిగ్గానే విన్నాడు. "ఒకే భార్య అనేది మంచి రూలు కాదంటారా?"

"మంచిదే. ఆ రూలు నా ఇంట్లోకి సవితొచ్చిన్నాడు వచ్చుంటే నాను దండం పెడుదును. అప్పుడు రాలేదు. ఇప్పుడొచ్చి మమ్మల్ని పట్టుకుంది."

"రెండు పెళ్ళిళ్ళూ ఒప్పుకుంటే జరిగిన తప్పును మేం ఒప్పుకున్నట్టవుతుందమ్మా."

"తప్పు సేసినోడు సముద్రంలో ఉన్నాడు. శిచ్చ మా ఇద్దరికీ ఏల? జరగాల్సింది రాసుకున్నావు బాబూ, బాగుంది. జరిగింది ఎక్కడ రాస్తావు?"

కళ్ళజోడు తుడుచుకున్నాడు. కొత్త రూలు కావాలంటే తెమ్మన్నాడు. ఒక్క వాక్యంలో ఉండాలి, ఎవరి పేరూ ఉండకూడదు, తెప్ప మీద అందరికీ సరిపోవాలి. వాక్యమే కదా అనుకుని వచ్చాను.

తాడు కోతకు అయిదు రోజులు

వాక్యమే, కానీ పెట్టెకు వాక్యం చెప్పడం కంటే చెవిటివాడికి పెళ్ళి సంబంధం చెప్పడం సులువు.

నేను ఇలా చెప్పాను: ఒక ఆడది, ఇంకో ఆడది. ఇద్దరినీ కట్టుకున్నవాడు ఒకడే. అయితే ఆ ఇద్దరూ ఒక ఇంటివాళ్ళు, ఒకరికొకరు సవతులు. మణిమాల దాన్ని ఎక్కించింది. అసలు పెట్టెలో కాదు, నకలులో. ఈ పెట్టెలో ఏదీ చెరపరట, ఏదీ దిద్దరట. మార్పు కావాలంటే పాతదాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, పక్కన కొత్త నకలు కడతారు. ఈ నకలులో ఆ ఒకే భార్య రూలు తీసి పక్కన పెట్టింది.

"దాలమ్మకి సవతి ఎవరు అని అడుగుతున్నా," అంది. ఎండ కరెంటు చాలదు కాబట్టి ఒక ప్రశ్నకు ఒక్క జవాబే రావాలని గదిలో కట్టుబాటు. పెట్టె ఒక్క జవాబు చెప్పింది.

"దాలమ్మకి సవతి దాలమ్మ."

కూర్మమ్మ బల్ల మీద తల వాల్చి, దగ్గు వచ్చేదాకా నవ్వింది. "పెట్టెకి బుద్దొచ్చింది అప్పా! నీ ఒంటికి నువ్వే సవితివని నాను పెళ్ళైన కాడ్నించీ సెప్తన్నాను."

"నోరుముయ్. ఓలే మణీ, ఇదేటి?"

"ఇద్దరూ వేరే వేరే మనుషులని మనం చెప్పలేదు మామ్మా. ఒక ఆడది నువ్వే, ఇంకో ఆడదీ నువ్వే. ఇద్దరినీ కట్టుకున్నాయన ఒకడే. మాట ప్రకారం సరిపోయింది."

ఇద్దరు అంటే వేరు వేరని కూడా చెప్పాలా! సరే, చెప్పాం. ఇద్దరూ వేరు వేరు మనుషులు అయి ఉండాలి. మళ్ళీ అడిగితే, దాలమ్మకు సవతి కూర్మమ్మ అంది. తిప్పి అడిగితే, కూర్మమ్మకు సవతి దాలమ్మ అంది. ఆ గదిలో ఒక యంత్రం నా జీవితాన్ని సరిగ్గా చెప్పడం అదే మొదటిసారి. నకలులోనే అనుకోండి.

పరుగున భద్రం గారికి చూపించాం. ఆయన చదివి, "చక్కగా ఉంది," అన్నాడు. "తొంభై రోజులు పరీక్షించి సభ ముందు పెడతాం."

"కోత అయిదు రోజుల్లో ఉంది బాబూ."

"అవునమ్మా. కానీ పద్ధతి అది."

మణిమాల నా చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చింది. లేకపోతే ఆ కళ్ళజోడు ఇప్పుడు సముద్రం అడుగున ఉండేది.

తాడు కోతకు మూడు రోజులు

వల బాగుచేస్తూ కూర్చున్నాను. వల చిరిగితే మేం ముందు ముడి వేయం. కంత ఎంత ఉందో, చుట్టూ ఏ పోగులు మిగిలాయో చూస్తాం. ఏ ముడి వేయాలో ఆ కంతే చెబుతుంది. అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ నేను ముడి పట్టుకుని పోయి, ఇది సరిపోతుందా అని పెట్టెను అడుగుతున్నాను. అది కాదు, కాదు అంటోంది. ఏ వైపు ఖాళీ వదిలినా వెతుకుతుందన్నారు కదా. అయితే కంత చూపించి ముడి దాన్నే చెప్పమంటే?

వల అక్కడే పడేసి వెళ్ళాను.

"మణీ, కూర్మి నా ఇంటిమనిషి అయిపోయిందనుకో. అవునన్న జవాబు ముందే రాసీ. ఇప్పుడున్న రూల్సుతోనే. ఏ కొత్త మాట సెప్తే ఆ అవునొస్తాదో ఆ మాట కాడ ఖాళీ పెట్టు."

మణిమాల నా వైపు తిరిగింది. "ఇలా అడగొచ్చని మాకు నేర్పడానికి ఆరు నెలలు పట్టింది మామ్మా," అంది. తరవాత ప్రశ్న కట్టింది.

పెట్టె చాలాసేపు ఆలోచించింది. మొదటి జవాబు: సూరన్న కూర్మమ్మను పెళ్ళి చేసుకోవాలి.

సూరన్న నా మేనల్లుడు, నలభై రెండేళ్ళవాడు, భార్య పోయినవాడు. నాకు తోడు వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అత్తా! ఏటిది? చిన్నత్తని నాను... ఛీ ఛీ!"

"నాకూ వద్దురా," అంది కూర్మమ్మ. "నీకంటే మీ మావే నయం. ఇంటికాడ ఉండీవోడు కాదు."

మేనత్త సవతి అత్త వరుస అవుతుందని పెట్టెకు ఏ రూలూ చెప్పలేదు. దానికి అందరూ ఖాళీలో పట్టే మనుషులే.

"ఇంకోటి అడుగు," అన్నాను.

"ఒక్క జవాబే అని కట్టుబాటు మామ్మా."

"కట్టుబాటు నాను తెంచలేదేటి, పాతికమంది ముందు? నువ్వూ తెంచు."

తెంచింది. రెండో జవాబు: దాలమ్మ కూర్మమ్మను దత్తత తీసుకోవాలి.

ఎవరూ లేని మనిషిని, తనకంటే కనీసం పన్నెండేళ్ళు చిన్నదైతే, ఎవరైనా దత్తత తీసుకోవచ్చని రూలు ఉందట. వయసు పరిమితి లేదు. నాకు డెబ్బై రెండు, దానికి యాభై ఎనిమిది. దానికి కావలసింది ఒక్క సంతకం, నాదైతే వేలిముద్ర. ఆ రోజే అయిపోతుంది.

మణిమాల గొంతు తగ్గించింది. "ఒక మెలిక ఉంది మామ్మా. తల్లీ కూతుళ్ళిద్దరికీ ఒకే మొగుడు ఉండకూడదు. పైగా పెళ్ళైనామె దత్తత తీసుకోవాలంటే మొగుడి ఒప్పుదల కూడా కావాలి. అందుకే ఎల్లాజీ గారు నీ మొగుడు కాడని నువ్వే చెప్పాలి."

తాడు కోతకు ఒక రోజు

నిన్న అన్నం ముట్టలేదు. కూర్మమ్మ రెండుసార్లు అన్నం పెట్టింది, రెండుసార్లు తీసేసింది. మూడోసారి గిన్నె నా ఒళ్ళో కుదేసి కూర్చుంది.

"వద్దు అప్పా. నువ్వు ముందొచ్చిన దానివి. కొత్తగా వచ్చిన దాన్ని నాను. నా పెళ్ళి కాదని సెప్పీ, నీదుంచుకో."

"అప్పుడు నువ్వు పడమటికి పోతావే, తింగరిదానా."

"పోతాను."

"పోయి అంచు మీద నడుస్తావు."

అది అన్నం కలిపి నాకు తినిపించింది.

ఇవాళ పెట్టె ముందు నిలబడ్డాను. మొదటిసారి ఆ పేరు అనడం కష్టం అనుకున్నాను. ఇది దానికంటే కష్టం.

"మైలపల్లి ఎల్లాజీ నాకు మొగుడు కాడు. నాకు పెళ్ళి కాలేదు."

మణిమాల కళ్ళు తుడుచుకుంటూ, "ఏదీ చెరగదు మామ్మా," అంది. "పాత నకలులో నీ పెళ్ళి ఎలా ఉన్నది అలాగే ఉంటది. కొత్తదాంట్లోనే ఉండదు."

"పాతదాన్ని ఎవులు సదువుతారు?"

"ఎవరూ చదవరు."

"అయితే అది నాకు సెప్పకు."

వేలిముద్ర వేశాను. దత్తత ఎక్కింది. దాలమ్మకు కూర్మమ్మ ఏమవుతుందని అడిగితే పెట్టె వెంటనే, తడుముకోకుండా, కూతురు అంది. పచ్చదీపం వెలిగింది. పన్నెండు రోజులు నిజం చెబితే కాదు కాదన్నది. ఒక్క అబద్ధానికి అవునన్నది.

పోతూ పోతూ, ఆగి, ఇంకొక్కటి అడగమన్నాను. ఎల్లాజీ ఇప్పుడు నాకేమవుతాడు?

మణిమాల అడిగింది. జవాబు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"సెప్పు."

"అల్లుడు, మామ్మా."

నా వెనక కూర్మమ్మ కింద కూలబడింది. ఎవరో దానికి ఫిట్సు వచ్చాయనుకుని నీళ్ళు తెచ్చారు. నవ్వుతోంది. నేను నవ్వకూడదనే అనుకున్నాను. చేపల మీద ఈగలు ముసిరిన నాటి తరవాత మేం అలా నవ్వింది ఇదే.

తాడు కోత రోజు

ఇది ముగిస్తాను. సభవారికి నా మనవి ఒక్కటే. తొంభై రోజుల తరవాత నా వాక్యం మీ ముందుకు వస్తుంది. ఇద్దరు వేరు వేరు ఆడవాళ్ళు, ఒకడే మగవాడు. దాన్ని ఒప్పుకుంటే ఎవరూ ఇద్దరిని కట్టుకోరు, భయపడకండి. కట్టుకున్నవాడి పాపం ఆ ఆడవాళ్ళ మీద పడకుండా ఉంటుంది, అంతే. ఖాళీ మొగుళ్ళున్న మూడు వందల మందిని కూడా పిలిచి అడగండి. పక్కనున్న ఆడబిడ్డను అందించనివ్వండి. మీ పెట్టె కొంపేం మునగదు, మా కొంపలు మునిగే వచ్చాం.

నడిమి తాళ్ళ దగ్గర కాపలావాడు ఒక్కొక్కరినీ ఆపి, పలక మీద చూసుకుంటూ నోటితో కూడా అడిగాడు. నన్నడిగితే కూతురన్నాను. తరవాత కూర్మమ్మను అడిగాడు.

"ఈమె నీకేమవుద్దమ్మా?"

అది తెల్లటి కళ్ళు నా గొంతు ఉన్న వైపు తిప్పింది. దాని నోరు నాకు తెలుసు. నిజం చెప్పకుండా ఉండటం దానికి చేతకాదు. నలభై ఏళ్ళుగా నన్ను అందరి ముందూ సవితి అనే చెప్పింది, గర్వంగా, తిట్టినట్టు. కాపలావాడు మళ్ళీ అడిగాడు.

"మాయమ్మ," అంది కూర్మమ్మ. "పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. ఎవులూ లేరు. నాను సూసుకోవాల."

కాపలావాడు దారి ఇచ్చాడు.

మధ్యాహ్నం తాళ్ళు కోశారు. పెద్దగా చప్పుడు కాలేదు. చెక్కలు ఒకసారి కిర్రుమన్నాయి, మధ్యలో నీళ్ళు కనిపించాయి. పడమటి సగం మీద మనుషులు చేతులు ఊపుతున్నారు. అందులో ఎవరెవరు ఎవరికి ఏమవుతారో నాకు తెలుసు, వాళ్ళ వెంట పంపిన పెట్టె నకలుకు తెలియదు. కూర్మమ్మ నా పక్కనే అంచున కూర్చుని కాళ్ళు వేలాడేసింది.

"ఎల్లిపోనాదా అప్పా?"

"ఎల్లిపోతంది."

"ఎంత దూరం?"

"రెండు వలల దూరం."

"ఇప్పుడో?"

"మూడు. కాళ్ళు లోపలికి తియ్యే, పడతావు."